మీగడ పొర

"మా ఐలా చెయ్యి కూడా ఒక్కసారి జారింది, తెలుసా!" అన్నాడు లైల్ ప్రూయిట్, మంచు మీద బూట్లు టపటపా కొడుతూ. "తొంభై ఒకటి మార్చిలో. ఇదే సరస్సు. నేను పక్కనే ఉన్నాను."

పీహెచ్‌డీ సీటు కోసం వచ్చిన ఇద్దరూ మర్యాదకి నవ్వారు. ల్యాబు టెక్నీషియన్ ఐలా లెహ్తో కూడా నవ్వింది. ఈ జోకు లైల్ విద్యార్థిగా ఉన్నప్పుడు మొదలుపెట్టాడు, ప్రొఫెసరయ్యాక కూడా మానలేదు. ఏటా మార్చిలో మంచు మీద నిలబడి, కొత్తగా వచ్చిన వాళ్ళ బెరుకు పోగొట్టడానికి దీన్ని విప్పుతాడు. ఐలా ఏటా నవ్వుతుంది. ముప్పై రెండేళ్ళుగా నవ్వి నవ్వి ఆ నవ్వు ఎక్కడ మొదలవ్వాలో ఎక్కడ ఆగాలో ఆమె దవడలకి తెలిసిపోయింది.

"మీ కబుర్లయ్యాయా, కన్నం తొలిచేదా?" అంది, బరమా మోటారు తాడు లాగుతూ.

పిల్లల్ని సరస్సు మీదికి తీసుకురావడం పాతకాలపు ప్రొఫెసర్ హాల్వర్సన్ పెట్టిన ఆనవాయితీ. మార్కులూ ఉత్తరాలూ అన్నీ చూశాక, ఎవరిని తీసుకోవాలో తేలకపోతే మంచు మీద ఒక పూట పని చేయించేవాడు. ఆయన పోయి పదిహేనేళ్ళయింది. ఉత్తరాలు పోయి ఈమెయిళ్ళొచ్చాయి, ఇంటర్వ్యూలు కంప్యూటర్ తెర మీదికెక్కాయి. లైల్ మాత్రం ఈ ఒక్క ఆచారాన్ని వదల్లేదు. ఐలాకి అతని మీద ఎన్ని ఫిర్యాదులున్నా, ఆ విషయంలో మాత్రం మెచ్చుకునేది.

ఈ ఏడు సీటు ఒకటే. దానికి నూట ఎనభై మంది రాశారు. వడపోతలో మిగిలింది ఈ ఇద్దరు. స్పెన్సర్ ఆల్డ్రిజ్ టొరంటో కుర్రాడు. చక్కగా మాట్లాడతాడు, అప్పుడే రెండు పేపర్లు అచ్చయ్యాయి. కొరీన్ పెల్తియే ఉత్తరాన హర్స్ట్ ఊరిపిల్ల. ఇంట్లో ఫ్రెంచి మాట్లాడే కుటుంబం. ఆ ఊరి మంచినీళ్ళ ప్లాంటులో పని చేస్తోంది. రాత్రంతా బస్సులో కూచుని పొద్దున దిగింది.

ముప్పావు మీటరు మంచు తొలిచాక నీళ్ళు నల్లగా ఉబికాయి. ఐలా పారదర్శకమైన ప్లాస్టిక్ గొట్టాన్ని తాడు కట్టి, పదకొండు మీటర్ల లోతుకి దింపింది. గొట్టం బురదలో దిగబడినప్పుడు తాడు వదులవుతుంది. ఆ వదులు వేళ్ళకి తెలియాలి, కంటికి కాదు. తెలిసింది. పైకి లాగితే గొట్టంలో ముప్పై సెంటీమీటర్ల బురద నిలువుగా నిలబడి ఉంది. అడుగున నల్లటి గట్టి బురద, పైకి వచ్చేకొద్దీ గోధుమరంగు. అన్నిటికన్నా పైన, ఊపిరి తగిలితే కదిలేంత పల్చటి పొర.

"దాన్ని మేం మీగడ అంటాం," అంది ఐలా పిల్లలిద్దరితో. "ఈ సరస్సులో ఏడాదికి రెండు మిల్లీమీటర్ల బురద పేరుకుంటుంది. పై సెంటీమీటరు అంటే ఈ అయిదేళ్ళు. లైల్‌కి కావలసింది అదే. కింద ఉన్న తాతలకాలం బురద ఎవరికైనా దొరుకుతుంది."

ప్లైవుడ్ గుడిసెలో చిన్న పొయ్యి మండుతోంది. కోత పని ఇద్దరిది. ఒకరు మోకాళ్ళ మీద కూచుని, గొట్టం అడుగు నుంచి కర్రతో బురదని అరసెంటీమీటరు చొప్పున పైకి తొయ్యాలి. రెండోవాళ్ళు పైన నిలబడి, అంచు దాటి లేచిన ఆ బిళ్ళని రేకుతో కోసి సంచిలో వెయ్యాలి. కింద కూచున్నవాళ్ళకి కర్ర మీది గీతలు తప్ప ఏమీ కనబడవు. పైన ఉన్నవాళ్ళకి అంతా కనబడుతుంది.

స్పెన్సర్ తొయ్యడానికి కూచున్నాడు. కొరీన్ రేకు పట్టుకుంది. లైల్ బయట రెండో కన్నం తొలుస్తున్నాడు. ఐలా మూలన బల్ల దగ్గర సంచుల మీద అంకెలు వేస్తోంది. స్పెన్సర్ తెచ్చుకున్నవి ఊళ్ళో తిరిగే బూట్లు. తోలు మెరుస్తోంది, అడుగు తడిసింది. చలికి అతని పళ్ళు కొట్టుకునే చప్పుడు పొయ్యి చప్పుడుని మించి వినబడుతోంది. "తోస్తున్నా," అన్నాడు. మోచెయ్యి ఒక్క కుదుపు కుదిపింది. ఐలా చూసింది.

"ఆగండి," అంది కొరీన్.

మీగడ అంచు పొర్లి, గొట్టం పక్కల నుంచి ఆమె చేతి తొడుగుల మీదుగా కారిపోతోంది. చేత్తో ఆపేది కాదది. కాఫీ పొంగినట్టు క్షణంలో అయిపోయింది.

"ఏమైంది? ఎక్కువైందా?" అన్నాడు స్పెన్సర్ కింద నుంచి.

"పై పొర పోయింది. మీరు లేవకండి, అలాగే పట్టుకోండి. మిగతాది కోద్దాం."

కొరీన్ తొడుగు విప్పి, నోట్‌బుక్ అందుకుని పెన్సిలుతో రాసింది. ఐలా ఆమె భుజం మీదుగా చదివింది. 'పై ఒక సెంటీమీటరు కోతలో పోయింది. కొ.పె.' ఆ తర్వాత ఒకటీ రెండూ అంకెల సంచులు పక్కన పెట్టి, మూడో సంచి నుంచి మొదలుపెట్టింది. అలా మొదలుపెట్టాలని ఆమెకి ఎవరూ చెప్పలేదు.

లైల్ లోపలికొచ్చి పుస్తకం చూశాడు. కనుబొమలు పైకి లేచాయి.

"అయ్యో! పోనీలే, మా ఐలాకే తప్పలేదు," అన్నాడు కొరీన్‌తో నవ్వుతూ. నవ్వాడు గానీ, పుస్తకం మూసిన తీరులో నవ్వు లేదు. స్పెన్సర్ లేచి నిలబడి చేతులు పొయ్యి సెగకి చాచాడు. ఏదో అనబోయి, లైల్ బయటికి వెళ్ళిపోవడం చూసి ఊరుకున్నాడు.

రెండో గొట్టాన్ని ఐలా, లైల్ కలిసి కోశారు. మీగడ దక్కింది.

ల్యాబుకి తిరిగొచ్చేసరికి మూడున్నర. స్పెన్సర్‌కి డిపార్ట్‌మెంటులో వేరే ప్రొఫెసర్లతో మాటలున్నాయి, వెళ్ళిపోయాడు. కొరీన్ వంతు నాలుగున్నరకి. ఈలోగా కూచుని కాఫీ తాగమని ఐలా చెప్పింది. పది నిమిషాల తర్వాత తొట్టి దగ్గరికి వెళ్తే, ఆ పిల్ల చేతులు పైకి మడిచి గొట్టాలు కడుగుతోంది. లోపల బ్రష్షు పెట్టి తిప్పి, తుది నీళ్ళు మూడుసార్లు పోస్తోంది.

"ఎవరు చెప్పారు నీకు మూడుసార్లని?"

"మా ప్లాంటులో అంతే, మదామ్. రెండుసార్లు పోస్తే మా ఇన్‌స్పెక్టర్ మళ్ళీ మొదటి నుంచీ కడిగిస్తాడు."

"మదామ్ అనకు. మా అత్తగారు గుర్తొస్తుంది. ఐలా అను."

కొరీన్ నవ్వింది. ముందుపళ్ళ మధ్య సందుంది. నవ్వితే పదిహేనేళ్ళ పిల్లలా ఉంటుంది. ఇరవై ఏడట.

"ఎన్ని చోట్లకి రాశావు?"

"అరవై మూడు ఉత్తరాలు. ఉత్తరాలంటే ఈమెయిళ్ళే. నలభైకి జవాబే లేదు. పద్నాలుగు మంది ఈ ఏడు డబ్బుల్లేవన్నారు. ఒకాయన, నీ పని చాలా ఆసక్తికరంగా ఉంది మార్గరెట్, అని రాశాడు. నేను మార్గరెట్‌ని కాను."

"నువ్వేం రాశావు తిరిగి?"

"మార్గరెట్‌కి మీ మాట అందజేస్తానని రాశాను. ఇంకేం రాస్తాను?"

ఐలా పడీ పడీ నవ్వింది. ఇలాంటి నవ్వు ఆమెకి ఈ మధ్య అరుదు. ఒకప్పుడు ఇదే గదిలో, ఇదే తొట్టి దగ్గర, ఇలాంటి కబుర్లే నడిచేవి. అప్పుడు ఉత్తరాలు కాగితం మీద వచ్చేవి. హాల్వర్సన్ వాటిని కిటికీ గట్టు మీద పేర్చి, పొద్దున కాఫీ తాగుతూ పైకి చదివేవాడు. ఎవరి చేతిరాత ఎలాంటిదో, ఎవరు తపాలా బిళ్ళ తిరగేసి అంటించారో కూడా వెక్కిరించేవాడు. రాసినవాళ్ళందరికీ, లేదని చెప్పడానికైనా సరే, జవాబు వెళ్ళేది. ఆ జవాబులు టైపు చేసింది ఐలా. కవరు నాలికతో తడిపి అంటించే ఆ జిగురు చేదు ఇప్పటికీ నోట్లో ఉన్నట్టే ఉంటుంది. ఆ రోజులంటే ఆమెకి ప్రాణం. అప్పుడు తనకి ముప్పై ఏళ్ళు, అన్నీ ఇంకా జరగబోయేవే.

"ఇక్కడ రాకపోతే?" అని అడిగింది.

"ప్లాంటులో షిఫ్టు సూపర్‌వైజర్ పని ఇస్తానన్నారు. మంగళవారం లోపల అవునో కాదో చెప్పాలి. అవునన్నానంటే ఇక మళ్ళీ రాయను. మా అమ్మకి ఆరోగ్యం బాగుండదు, ఊరికే ఆశపెట్టుకుని ఎన్నాళ్ళు తిరుగుతాను?" కొరీన్ గొట్టాన్ని వెలుతురుకి ఎత్తి చూసి, మళ్ళీ దించింది. "మంచి పనే అది. చెడ్డదేం కాదు."

తన మనసుకి తాను నచ్చజెప్పుకునే గొంతు అది. ఐలాకి ఆ గొంతు బాగా తెలుసు.

"పుస్తకంలో నీ పేరు వేశావెందుకు?"

"కోసింది నేనేగా."

"తోసిందెవరు?"

కొరీన్ బ్రష్షు పక్కన పెట్టింది. "అతని బూట్లు చూశారా మీరు? చేతివేళ్ళు కూడా నీలంగా అయిపోయాయి. పట్నం కుర్రాడు, ఎవరూ చెప్పి ఉండరు. ఎవరి చెయ్యైతే ఏముంది? పొర లేదు. లేదని రాయాలి. మా ప్లాంటులో మొదటిరోజే నేర్పిస్తారు, ముందు రాయి, తర్వాత ఏడువు అని. నేను రాశాను. ఏడుపు హర్స్ట్ వెళ్ళాక చూసుకుంటా."

ఐలాకి ఒళ్ళు మండింది. స్పెన్సర్ మీదా, కొరీన్ మీదా, లైల్ మీదా అన్నది తేలలేదు. తువ్వాలు తీసి ఆ పిల్ల చేతిలో కుక్కి, "నాలుగున్నరవుతోంది, వెళ్ళు. జుట్టు సవరించుకో," అని కసిరింది.

శుక్రవారం మధ్యాహ్నం పిల్లలిద్దరూ ఎవరి ఊళ్ళకి వాళ్ళు వెళ్ళిపోయాక, లైల్ కాఫీ కప్పు పట్టుకుని ల్యాబు గుమ్మంలో ఆనుకుని నిలబడ్డాడు. జుట్టు పూర్తిగా నెరిసింది. అలా ఆనుకోవడం మాత్రం పాతికేళ్ళప్పటిదే.

"స్పెన్సర్‌కే ఇస్తున్నాను. ఏమంటావు?"

"నన్ను అడుగుతున్నావా, చెప్తున్నావా?"

"చెప్తున్నాను," అని ఒప్పుకున్నాడు లైల్. "ఆ అమ్మాయి నాకూ నచ్చింది. మొండి ఘటం, తెలివైంది. కానీ మన పనంతా ఆ పై సెంటీమీటరులోనే ఉంది కదా. మొదటిరోజే అది పోగొట్టుకుంటే ఎలా? నా చేతిలో ఒకటే సీటుంది ఐలా. నాలుగేళ్ళు."

"వాళ్ళకి ఎప్పుడు చెప్తావు?"

"సోమవారం పొద్దున రాస్తాను."

అప్పుడే చెప్పి ఉండవలసింది. మోచెయ్యి కుదుపు చూశానని ఒక్క ముక్క అంటే అయిపోయేది. ఐలా నోరు తెరిచింది కూడా. కానీ ఆ మాట వెనకాల ఇంకో పాత మాట, దాని వెనకాల ముప్పై రెండేళ్ళ నవ్వులు బారులు తీరి నిలబడ్డాయి. ఒకటి బయటికొస్తే అన్నీ వస్తాయి. జూన్‌లో రిటైరవుతోంది. గొడవ లేకుండా కేకు కోయించుకుని ఇంటికి పోదామనుకుంది.

"సరే," అంది.

లైల్ వెళ్ళాక సంచులు తూచడం మొదలుపెట్టింది. ఒక్కొక్కటీ త్రాసు మీద పెట్టి, అంకె ఆగేదాకా ఊపిరి బిగబట్టి, రాసుకోవాలి. మూడు, నాలుగు, అయిదు. కొరీన్ కోసినవన్నీ అచ్చు ఒక్కలాగే ఉన్నాయి. ఒకదానికీ ఒకదానికీ గ్రాములో పదో వంతు తేడా లేదు. ఐలాకి ఆ సమం రావడానికి మూడేళ్ళు పట్టింది. పదకొండు, పన్నెండు, పదమూడు.

పదమూడో సంచి చేతిలోనే ఉండిపోయింది. ఏడాదికి రెండు మిల్లీమీటర్లు. వేళ్ళ మీద లెక్కేసుకుంది, లెక్క అవసరం లేకపోయినా. ఇది తొంభై ఒకటి. ఆ ఏడు సరస్సులో పడ్డ ఆకుల ముక్కలూ పుప్పొడీ పొగమసీ, తను ముప్పై ఏళ్ళ మనిషిగా ఆ మంచు మీద రేకు పట్టుకుని నిలబడినప్పుడు కిందికి దిగుతూ ఉన్న బురద. అప్పుడు అది మీగడ. ఇప్పుడు దాని మీద ఆరు సెంటీమీటర్లు పేరుకుంది. సంచిని అరచేతిలో పెట్టుకుని కాసేపు అలాగే నిలబడింది. చల్లగా, బరువు లేకుండా ఉంది.

శనివారం సాయంత్రం ఇంట్లో ఆవిరిస్నానానికి సౌనా గదిలో కాలిన రాళ్ళ మీద నీళ్ళు పోసి, పై మెట్టెక్కి కూచున్నాక భర్త రెయ్‌నోకి అంతా చెప్పింది. రెయ్‌నో కాగితం మిల్లులో పని చేసి మానేసిన మనిషి. నీళ్ళు ఆవిరయ్యే దాకా ఒక్క మాటా మాట్లాడడు.

"లైల్ జోకు మళ్ళీ వేశాడా?" అన్నాడు చివరికి.

"వేశాడు."

"నువ్వు నవ్వావా?"

"నవ్వక?"

"ఎందుకే నవ్వుతావు?"

"ఏం చెయ్యమంటావు? వాడికి తెలుసు, నాకు తెలుసు. తెలిసీ పదిమందిలో నా పేరు పెట్టి నవ్విస్తాడు. ఆ ధైర్యం చూసే నవ్వొస్తుంది నాకు."

"వాడికి తెలుసని నీకెలా తెలుసు?"

"తెలియకుండా ఎలా ఉంటుంది?"

"అడిగావా?"

ఐలా నీళ్ళ గరిటె అందుకుంది. రాళ్ళు బుస్సుమన్నాయి. అడగలేదు. ముప్పై రెండేళ్ళు పక్క పక్క గదుల్లో పని చేసింది, అతని పెళ్ళికి వెళ్ళింది, విడాకులప్పుడు కూర వండి పంపింది. ఆ ఒక్క మాట అడగలేదు.

"నీ సంగతి నీ ఇష్టం," అన్నాడు రెయ్‌నో మెట్టు దిగుతూ. "ఆ పిల్ల సంగతి మాత్రం నీ ఇష్టం కాదు."

సోమవారం పొద్దున ఎనిమిదింటికి ఐలా బీరువా పై అరలోంచి తొంభై ఒకటి నోట్‌బుక్ తీసింది. అట్ట మీద నీళ్ళ మరక, అంచులకి ఎండిన బురద. ఏ పేజీయో వెతకక్కర్లేకపోయింది.

లైల్ కంప్యూటర్ ముందు ఉన్నాడు. "రా రా. ఇప్పుడే స్పెన్సర్‌కి రాస్తున్నా."

"ఒక్క నిమిషం ఆగు. గురువారం గుడిసెలో కోసింది కొరీన్. తోసిందెవరు?"

"స్పెన్సర్."

"కొత్త పిల్లలకి మొదటిరోజు నువ్వేం చెప్తావు? మీగడ పోతే ఎవరి పని?"

"తోసినవాళ్ళ పని," అన్నాడు లైల్ తడుముకోకుండా. ఏళ్ళ తరబడి చెప్పిన పాఠం. "కోసేవాళ్ళు కావాలనుకున్నా మీగడ పోగొట్టలేరు. అంచు దాటి వచ్చినదాన్నే కదా కోస్తారు. కింద నుంచి కుదిపితేనే..." ఆగాడు. "నువ్వు చూశావా?"

"చూశాను. మోచెయ్యి కుదిపాడు. చలికి. కావాలని కాదు."

"మరి ఆ అమ్మాయి తన పేరెందుకు రాసింది?"

"అదే చెప్పడానికి వచ్చాను." ఐలా నోట్‌బుక్ తెరిచి అతని ముందు పెట్టింది. "చదువు."

లైల్ కళ్ళజోడు పెట్టుకున్నాడు. "ఓహో, ఇదా! ఇదేగా నేను అందరికీ..." నవ్వు మొదలైంది. మొదలై, సగంలో ఎక్కడో చిక్కుకుపోయింది. పెదవులు కదిలిస్తూ మళ్ళీ చదివాడు. 'పై ఒకటిన్నర సెంటీమీటర్లు కోతలో పోయాయి. చెయ్యి జారింది. ఐ.లె.'

'ఐ.లె.' మీద వేలు పెట్టాడు.

"నేను కింద ఉన్నాను," అన్నాడు లైల్.

"అవును."

"తోసింది నేను."

"అవును."

"నువ్వు చెయ్యి జారిందన్నావు. నేను కింద నుంచి ఏమైందని అడిగితే, ఏం లేదు, నా చెయ్యి జారిందన్నావు. నేను..." కళ్ళజోడు తీసేశాడు. "నాకు తెలియదు ఐలా. ఒట్టు. అప్పటికి నాకు ఈ పని తెలియదు. తెలిశాక, ఆ రోజు గురించి మళ్ళీ ఆలోచించలేదు. జోకుగా చెప్పడమే తప్ప ఆలోచించలేదు."

ఐలా అతని ముఖం కేసి చూసింది. లైల్‌కి అబద్ధం చేతకాదు. చెబితే చెవులు ఎర్రబడతాయి. చెవులు మామూలుగానే ఉన్నాయి, ముఖమే పాలిపోయింది. తెలియదు. నిజంగానే తెలియదు. ముప్పై రెండేళ్ళు ఆమె మోసిన కోపానికి అవతల మనిషే లేడు. ఆ బరువు ఒక్కసారిగా దిగితే హాయిగా ఉండాలి. హాయిగా లేదు. ఒళ్ళంతా బోలుగా అయినట్టుంది. కుర్చీ లాక్కుని కూచుంది.

"ఎందుకలా చెప్పావు?"

"నీ బూట్లు."

"బూట్లా?"

"మీ అన్నవి. రెండు సైజులు పెద్దవి. లోపల న్యూస్‌పేపరు కుక్కుకున్నావు. ఇరవై గంటలు బస్సులో వచ్చావు, తిరిగి వెళ్ళడానికి టిక్కెట్టు ఉందో లేదో అన్నట్టున్నావు. ముసలాయనకి నా చేతులు తెలుసు కదా, ఒక్క పొరకి ఏమవుతుందిలే అనుకున్నాను."

ఆ ఏడు అదే సీటుకి ఐలా కూడా అప్లై చేసిందని లైల్‌కి తెలుసు. డిపార్ట్‌మెంటులో పాతవాళ్ళందరికీ తెలుసు.

"హాల్వర్సన్ నాకో మాట చెప్పాడు," అన్నాడు మెల్లగా. "నన్ను తీసుకున్న రోజున. ఐలా చెయ్యి మీద నమ్మకం పెట్టుకున్నాను, అది జారింది. నీ చెయ్యి నిలకడైంది అబ్బాయ్, అన్నాడు. థీసిస్ రెండుసార్లు వెనక్కొచ్చినప్పుడు, ఉద్యోగం రానప్పుడు, ఆ మాటే తలచుకునేవాణ్ణి. నీ చెయ్యి నిలకడైంది. దాని మీదే బతికాను నేను."

ఆ మాట ఐలా మొదటిసారి వింటోంది. ముసలాయన తనతో మాత్రం, ల్యాబుకి నీలాంటి మనిషి కావాలమ్మా, అని చెప్పి ఊరుకున్నాడు.

లైల్ ఫోను తీసుకున్నాడు. స్పెన్సర్‌ని అడిగింది ఒక్కటే ప్రశ్న. అవతల గొంతు గదిలోకి వినబడుతోంది.

"నేనే తోశాను డాక్టర్ ప్రూయిట్. ఆమె ఆగమనేదాకా నాకు తెలియలేదు. లేచాక ఆమె తొడుగుల మీద చూశాను. చెబుదామనుకునేసరికి మీరు పుస్తకం చదివేశారు. తర్వాత... తర్వాత చెప్పలేదు. చెప్పాల్సింది."

"ఇప్పుడు చెప్పావు. థాంక్స్," అన్నాడు లైల్. "నీకు వేరేచోట సీటు దొరుకుతుంది. ఉత్తరం కావాలంటే నేనే రాస్తాను. ఈసారి మంచు మీదికి వెళ్తే మంచి బూట్లు కొనుక్కో."

తర్వాత హర్స్ట్‌కి చేశాడు. ఎవరో ప్లాంటు మనిషి ఎత్తి, పిలుస్తానని వెళ్ళినట్టున్నాడు. చాలాసేపు పంపుల హోరు తప్ప ఏమీ లేదు. కొరీన్ వచ్చాక, సీటు ఆమెదేనని లైల్ రెండు ముక్కల్లో చెప్పాడు.

"హలో? కొరీన్? విన్నావా?"

"విన్నాను." మళ్ళీ పంపులు. "డాక్టర్ ప్రూయిట్, పొర నిజంగానే పోయింది. అది రాసింది తప్పు కాదు."

"తప్పు కాదు. పేరొక్కటే తప్పు. సెప్టెంబరులో వచ్చాక నువ్వే దిద్దుకో."

ఫోను పెట్టేముందు ఆ పిల్ల ఎవరితోనో ఫ్రెంచిలో ఏదో కేకేసింది. వెనకాల నలుగురైదుగురు మగాళ్ళు ఈలలు వేశారు. ఐలా ముక్కు చీదుకుంది. జలుబని ఎవరికీ చెప్పుకోనక్కర్లేదు, అక్కడ అడిగేవాళ్ళు లేరు.

లైల్ తొంభై ఒకటి పుస్తకాన్ని దగ్గరికి లాక్కున్నాడు. ఈ ల్యాబులో చెరపడం లేదు. తప్పు రాస్తే దాని మీద ఒక్క గీత గియ్యాలి. కింద ఉన్నది చదవడానికి వీలుగా ఉండాలి. పక్కన సరైనది రాసి, రాసినవాళ్ళు పొడి అక్షరాలూ తారీఖూ వెయ్యాలి. ఆ నియమం అతనికి నేర్పింది ఐలాయే. పెన్ను మూత తీసి, 'చెయ్యి జారింది' మీదా 'ఐ.లె.' మీదా కలిపి ఒక గీత గీశాడు. గీత తిన్నగా రాలేదు. పక్కన, 'తోసిన చెయ్యి కుదిపింది. లై.ప్రూ.' అని రాశాడు. యాభై ఏడేళ్ళ ప్రొఫెసర్ రాసిన ఆ అక్షరాలు బడిపిల్లాడివిలా ఉన్నాయి.

ఆ గీతతో ఐలాకి తిరిగొచ్చేది ఏమీ లేదు. ఉండకూడని చోటి నుంచి తన పేరు పోయింది, అంతే. అయినా ఆమె దాన్ని చాలాసేపు చూసింది. గీత కింద తన ముప్పై ఏళ్ళ చేతిరాత ఇంకా చక్కగా కనబడుతోంది. అప్పుడు 'ఐ' చివర తోక ఎంత గర్వంగా తిప్పేదో.

లైల్ పుస్తకం మూసి, రెండు చేతులతో ఆమెకి అందించాడు. ఐలా తీసుకోలేదు.

"తారీఖు వెయ్యలేదు," అంది.

లైల్ మళ్ళీ పుస్తకం తెరిచాడు.